బెజ్జం వేరు, కన్నం వేరు

సుందరరాజు కాపురం నాలుగేళ్ళపాటు బస్సులోనే గడిచిందంటే పెద్ద అబద్ధం కాదు. అవనిగడ్డలో కాలవల సెక్షన్ ఆఫీసులో అతను ట్రేసరు. భార్య కృపావతి బందరు మిషను బడిలో లెక్కల టీచరు. శనివారం మధ్యాహ్నం ఆఫీసు కట్టేయగానే బస్సెక్కి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, పొద్దు వాలేవేళకి ఇంగ్లీషుపాలెంలోని ఒంటిగది ఇంటికి చేరేవాడు. సోమవారం కోడి కూయగానే మళ్ళీ అదే బస్సు, అదే కండక్టరు, అదే కిటికీ పక్క సీటు.

"పెళ్ళయి నాలుగేళ్ళు. వారానికి రోజున్నర చొప్పున మీరు ఇంట్లో ఉన్నది కూడితే మూడువందల పన్నెండు రోజులు," అంది కృపావతి ఒక ఆదివారం, సుద్దముక్కతో గచ్చుమీదే లెక్క వేసి చూపిస్తూ. "మన మొదటి ఏడాదే ఇంకా నిండలేదండీ."

"అయితే నువ్వింకా కొత్తపెళ్ళికూతురివే," అన్నాడు సుందరరాజు.

"కొత్తపెళ్ళికూతురికి నాలుగేళ్ళుగా కారిపోతున్న పెంకుటింట్లో బిందెలు సర్దుకునే పని ఉంటుందా?"

ట్రేసరంటే ఇంజనీరు పెన్సిలుతో గీసినదాన్ని మైనపుగుడ్డమీద సిరాతో ఎత్తి రాసేవాడు. తన బుర్ర వాడకూడదు, తన చెయ్యి వణకకూడదు. పామిడిముక్కల దగ్గర పొలం పనులు చేసుకునే ఇంట పుట్టి, బోర్డింగు బడిలో దొరల పాత పటాలు చూసి గీత నేర్చుకున్న సుందరరాజుకి రెండోది అలవోకగా వచ్చింది, మొదటిదే కష్టమైంది. ఇంజనీరు గీసిన తూము వెడల్పు దగ్గర పెన్ను ఆపి, "ఇది గిలాబా ముందు కొలతా, తరవాత కొలతా అండీ?" అని అడిగి రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. మూడోసారి అడిగినా వినిపించుకోలేదు, కట్టాక చూస్తే నిజంగానే తూము మూడంగుళాలు ఇరుకుగా వచ్చింది.

అతనికి బందరులో పని దొరికే దారి అరవైఏడు ఎండల్లో కనిపించింది. గొడుగుపేటలో గోపాలకృష్ణమూర్తిగారని కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దమనిషి ఒకాయన, తన ఇంటి ముందు హాల్లో చిన్న వర్కుషాపు పెట్టారు. గుడివాడ సినిమాహాళ్ళ ఆంప్లిఫయర్లు బాగుచెయ్యడం దగ్గర మొదలై, మద్రాసులో వైర్‌లెస్ సెట్లు చేసే ఒక కంపెనీతో ఉత్తరాలు నడిపేదాకా వచ్చారు. ఆ కంపెనీకి సర్క్యూట్ బోర్డులు కావాలి. ముందు నమూనాలు చేసి చూపించాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని. అందుకని కంపెనీవాళ్ళే ఎనిమిది పలకలు పార్సిల్లో పంపారు.

"గీతగాడు కావాలోయ్. పని నిలబడితే నువ్వు ఖాయం. నిలబడకపోతే మాత్రం నన్ను తిట్టుకోకు," అన్నారు మాస్టారు.

సుందరరాజు అవనిగడ్డలో మూడు నెలలు సెలవు పెట్టి వచ్చాడు. ఆ సెలవు నెలాఖరుతో సరి. ఆలోపు నమూనాలు పాసైతే రాజీనామా. లేకపోతే ఒకటో తారీకున మళ్ళీ దివిసీమ, మళ్ళీ బస్సు.

బోర్డంటే ఏమిటో మాస్టారు అతనికి కాలవ భాషలోనే చెప్పారు. "ఇది గట్టి అట్టలాంటి పలక. రెండు వైపులా రాగి రేకు అతికించి ఉంటుంది. మనకి కావలసిన దారులమీద రంగు పూసి, మందునీళ్ళలో వేస్తే, రంగు లేనిచోట రాగి కరిగిపోతుంది. మిగిలినవే కాలవలు, వాటిలో పారేది కరెంటు." పక్కన పెడనలో అద్దకంవాళ్ళు రంగు పట్టకూడని చోట మైనం పూయడం సుందరరాజు చిన్నప్పటినుంచీ చూశాడు. ఈ సముద్రపు ఒడ్డున డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఓడలు దింపుకుని గుడ్డలకోసం పోట్లాడుకున్నది ఆ విద్యకోసమే కదా అనుకున్నాడు. పని సగం అర్థమైపోయింది.

"ఇంక బొక్కలు. రెండు రకాలు," అన్నారు మాస్టారు. "పై కాలవలోంచి కింది కాలవలోకి కరెంటు దిగాలంటే, పలకకి బొక్క పెట్టి, దాని లోపలి గోడకి కూడా రాగి పూత పట్టించాలి. అవి అరవైరెండు. పార్టుల కాళ్ళు దూరేదీ వాటిల్లోనే. రెండో రకం మూలల్లో నాలుగు. వాటిల్లోంచి మరలు దూర్చి బోర్డుని ఇనప పెట్టెకి బిగిస్తారు. వీటికి పూత ఉండకూడదు. ఉంటే కరెంటు మరలోంచి పెట్టెలోకి దిగుతుంది, పెట్టె ముట్టుకున్నవాడు ఎగిరి గంతేస్తాడు."

"పూత ఎవరు పూస్తారు మాస్టారూ?"

"చిలకలపూడి ఉండగా ఆ దిగులేంటోయ్!"

నిజమే. బందరుకి ఆనుకునే ఉన్న చిలకలపూడిలో ఇంటింటా గిల్టు నగల పనే. అక్కడి గంగన్న పూత పనిలో చెయ్యి తిరిగినవాడు. పెన్సిలు ముక్కు పొడి రుద్ది, రావాకుకి కూడా రాగి పట్టించి ఈనెలు కనపడేలా చెయ్యగలడు. అట్ట పలక బొక్కల్లోకి కుంచెతో ఆ నల్లపొడే పట్టించి మైలుతుత్తం తొట్టిలో దింపుతానన్నాడు.

సుందరరాజు పటం ఇంగ్లీషులో గీశాడు. గంగన్నకి తెలుగు తప్ప రాదు. అందుకని తన గుండ్రటి అక్షరాలతో తెలుగులో ఒక చీటీ రాసి పలకలకి గుచ్చాడు. రెండు రకాలూ కలిసిపోకూడదని, ఆలోచించి మరీ రెండు వేరువేరు మాటలు వాడాడు:

"రంధ్రములు – 62. కొలత – 1 మి.మీ.
చిల్లులు – 4. పూత లేనివి."

పలకలన్నిటికీ కాకుండా, ఆరింటికి అన్ని బొక్కలూ తనే తొలిచి, చీటీతో చిలకలపూడి పంపాడు. నాలుగోనాడు గంగన్న సైకిలుమీద వచ్చి, పలకల మూట బల్లమీద పెట్టాడు. మొహం ముడుచుకుని ఉంది.

"మీరు రాసిన కంప్లయింటు తీర్చేశాను బాబూ. చూసుకోండి."

"కంప్లయింటేంటి గంగన్నగారూ?"

"నలభై ఏళ్ళనుంచి చేస్తన్నాను ఈ పని. సరుకు నా చేతికి రాకముందే తప్పులు పట్టినవాళ్ళని మాత్రం చూళ్ళేదు," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు మూట విప్పారు. పలకలు ఎర్రగా, దీపాల్లా మెరిసిపోతున్నాయి. ఆయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పారు. తరవాత కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత భూతద్దం తెచ్చుకున్నారు.

"ఏమోయ్, మూలల్లో బొక్కలేవి?"

"ఉన్నాయి మాస్టారూ. నా చేత్తో తొలిచాను."

"తొలిచింది నువ్వయితే, మింగిందెవరు?"

ఆరు పలకల్లోనూ మూలలు నున్నగా ఉన్నాయి. గంగన్న రాగి బిళ్ళలు కత్తిరించి, మాటువేసి, ఆనవాలు లేకుండా పూడ్చేసి, పైన పూత కూడా పట్టించాడు. ఎంత బాగా పూడ్చాడంటే గోరుతో గీరినా అంచు తగల్లేదు. మాస్టారికి కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. "వీడి చెయ్యి కోయించి మ్యూజియంలో పెట్టాలోయ్" అంటూ పార్టు ఒకటి తీసి మధ్య బొక్కలో దాని కాలు దూర్చబోయారు. దూరలేదు. ఇంకోటి. దూరలేదు. అప్పుడు నవ్వు ఆగింది.

"మూలలు మళ్ళీ తొలుచుకోవచ్చు. ఇవి తొలిస్తే లోపలి పూత పోతుంది. ఆరూ పోయినట్టే సుందరరాజూ. ఇంక రెండున్నాయి. ఇరవైఏడున మద్రాసునుంచి వెంకటపతిగారు వస్తున్నారు. కంపెనీ ఇంజనీరు. ఆయన ముందు రెండన్నా సరిగ్గా ఉండాలి."

ఇంకా పదిరోజులుంది. సుందరరాజు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఊరికే కెలికాడు. చీటీలో ఏం తప్పుందో ఎన్నిసార్లు తలుచుకున్నా దొరకలేదు. కృపావతి విషయం విని, "మీలో మీరే అనుకుంటే ఏం లాభం? ఆయన్నే అడుగుదాం పదండి, ఆదివారం ఆరాధనయ్యాక," అంది.

ఆదివారం ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని చిలకలపూడి వెళ్ళాడు. గంగన్న వసారాలో తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. సుందరరాజుని చూసి తల తిప్పుకున్నాడుగానీ, ఆడమనిషిని చూసి లేచి పీట వేశాడు.

"కూర్చోమ్మా. మీ ఆయన మళ్ళీ చీటీ తెచ్చాడా?"

"లేదండీ, తిట్టించుకోడానికి వచ్చారు," అంది కృపావతి.

గంగన్న మీసంలో నవ్వాడు. ఆ వసారా గోడకి ఒక వంకీ తీగ, దానికి గుచ్చిన చీటీలు గుత్తిగా వేలాడుతున్నాయి. కాగితం కనపడితే చదవకుండా ఉండలేని మనిషి కృపావతి. దగ్గరకెళ్ళి పైకి చదివింది. "జూకాలు, చిల్లులు రెండు, పూత లేనివి మూడు. గాజులు, పూత లేనివి నాలుగు. గుళ్ళపేరు, చిల్లులు ఐదు." చదవడం ఆపి భర్త వైపు తిరిగింది. పెదవులు బిగపట్టుకుంది. అయినా ఆగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది.

"ఏంటి కృపా?"

"ఇవన్నీ షావుకార్లు తప్పులు రాసి తిప్పి పంపిన చీటీలండీ! మీరు రాసింది కూడా అచ్చం ఇలాగే ఉంది. చిల్లులు నాలుగు, పూత లేనివి!"

సుందరరాజు తీగ దగ్గరకొచ్చి ఆ చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"మరి?" అన్నాడు గంగన్న. "చిల్లంటే తప్పు. బిందెకి చిల్లు, గుండుకి చిల్లు. కనపడితే మాటెయ్యడమే. పూత లేదని కూడా రాశారాయె. అందుకని పూసి ఇచ్చాను."

"అవి కావాలని పెట్టిన చిల్లులండీ!"

"కావాలని చిల్లు ఎవరన్నా పెట్టుకుంటారా బాబూ? కావాలని పెట్టేది బెజ్జం. పూసకి బెజ్జం, సూదికి బెజ్జం, ముక్కుకి బెజ్జం. దాంట్లోంచి ఏదో ఒకటి దూరి వెళ్తది. ఆడవాళ్ళు నగ కొనేటప్పుడు ముందు బెజ్జంలోకే చూస్తారు. లోపల పూత లేకపోతే ఒంటికి పచ్చ దిగుద్ది గదా."

"నేను రంధ్రములని రాశాను కదా, అవీ..."

"అది పురాణం మాట. మనకెందుకు?"

సుందరరాజు జేబులోంచి పెన్సిలు తీసి కాగితంమీద 'బెజ్జం' అని రాసుకున్నాడు. లోపల పూత ఉండి తీరవలసినది బెజ్జం. మరి పూత అసలు ఉండకూడని బొక్కనేమనాలి? చిలకలపూడిలో అలాంటి వస్తువు పుట్టి ఎరగదు. ముగ్గురూ ఒక్కో మాటా అని చూసి వదిలేశారు. తూము అంటే నీళ్ళు పారాలి. తొర్ర అంటే చిలకుండాలి. తొట్టిలో రాగి రేకులు మెల్లగా ఊగుతున్నాయి.

"కన్నం అంటే?" అంది కృపావతి.

"అది దొంగలేసేదమ్మా!"

"దొంగ కన్నమేసి, దానికి గిలాబా చేసి, సున్నం కొట్టి వెళ్తాడా?"

గంగన్న ఒక్క క్షణం ఆలోచించి తొడమీద చరుచుకున్నాడు. "వెళ్ళడు! వచ్చినదారే పోతాడు. కన్నానికి పూతుండదు. రాసుకో బాబూ, రాసుకో."

పీట జరుపుకుని అతనే దగ్గరకొచ్చాడు. ఈసారి గొంతు మారింది. "ఇంకో మాట. బెజ్జం కొలత ఒకటని రాశారు. పూతకి ముందా, తరవాతా?"

సుందరరాజు పెన్సిలు ఆపాడు. అవనిగడ్డలో తూముల గురించి ఇంజనీర్లని అడిగి చీవాట్లు తిన్న ప్రశ్న అది. తన పటం తను గీసుకునే రోజు వచ్చేసరికి, తనే రాయడం మరిచిపోయాడు.

"మీరు ఒకటి తొలిచి పంపారు. లోపల గోడ చుట్టూరా పదోవంతు మందం పూత పట్టుద్ది. ఇటు పదోవంతు, అటు పదోవంతు. మిగిలేదెంత?"

"ఎనిమిది పదోవంతులు," అంది లెక్కల టీచరు.

"పార్టు కాలు తొమ్మిది," అన్నాడు సుందరరాజు. "అప్పుడే అడక్కపోయారా మావయ్యా?"

"తప్పులు రాసిచ్చిన మనిషిని ఏం అడగను? ఇప్పుడు మావయ్యా అన్నావు గనక చెప్తన్నాను. కన్నాలు నాకు పంపేముందు అసలు తొలవొద్దు. పూతయ్యాక మీరే తొలుచుకోండి. అవి ఉన్నట్టే నా తొట్టికి తెలీదు. తెలీందానికి అది రాగెందుకు పూస్తది?"

సుందరరాజు ఆ వారం కొత్త పటం గీశాడు. బొక్కల పట్టికలు రెండు చేశాడు. మొదటి పట్టిక బెజ్జాలది, గుర్తు గుండ్రం, అందులో 'బె'. పూత పట్టాక మిగలవలసిన కొలత ఒకటి. దానికోసం తొలవవలసింది ఒకటీ రెండు పదోవంతులు. తొట్టికి వెళ్ళేముందు తొలవాలి. రెండో పట్టిక కన్నాలది, గుర్తు చదరం, అందులో 'క'. తొలిచిన కొలతే అసలు కొలత. తొట్టినుంచి వచ్చాక తొలవాలి. చుట్టూ మర తల ఆనేంత మేర రాగి ఉండకూడదు. ప్రతి మాటా గంగన్న చదివి తల ఊపాకే సిరా పెట్టాడు.

మాస్టారు పటం చూసి బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "మద్రాసు ఇంజనీరు ముందు బె, క అని పెడతావుటోయ్? మర్యాదగా పి., ఎన్.పి. అని రాయి. పూతున్నది పి., లేనిది ఎన్.పి. అందరూ అలాగే రాస్తారు."

"గంగన్నగారు చదవలేరు మాస్టారూ."

"ఆయనకొకటి, మద్రాసుకొకటి గియ్యి."

"రెండు పటాలుంటే ఒకటి దిద్ది ఇంకోటి మరిచిపోతామండీ. కాలవల్లో నేను చూశాను. పనిచేసేవాడి చేతిలో ఉన్నదే అసలు పటం కావాలి."

"ఇరవైఏడున ఆయన పెదవి విరిస్తే?"

"అవనిగడ్డ బస్సు నాకు కొత్త కాదు కదండీ," అన్నాడు సుందరరాజు. అన్నాడేగాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగిలిన రెండు పలకలూ ఆ పటం ప్రకారమే తొలిచి, పూత పట్టించారు.

ఇరవైఏడున వెంకటపతిగారు గుడివాడలో బండి మారి, చెమటలు కక్కుకుంటూ దిగారు. చక్కని అరవ యాస తెలుగు. కాఫీ తాగి, సంచిలోంచి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు తీగలు తీశారు. పరీక్ష పసిపిల్లలకి కూడా అర్థమయ్యేది. బెజ్జానికి ఆ పక్కొక తీగ, ఈ పక్కొక తీగ పెడితే బల్బు వెలగాలి. కన్నంలో మర బిగించి, మరకొక తీగ, రాగి దారికొక తీగ పెడితే వెలగకూడదు. గంగన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చి ద్వారం దగ్గర నిలబడ్డాడు.

పార్టుల కాళ్ళు సూదిలో దారంలా దూరాయి. నాలుగు కన్నాల్లోనూ బల్బు వెలగలేదు. బెజ్జాల్లో వెలుగుతూ పోయింది. పది, ఇరవై, నలభై. నలభైఒకటో బెజ్జం దగ్గర వెలగలేదు. మళ్ళీ పెట్టారు. లేదు. మాస్టారు కిటికీ బయటికి చూడసాగారు. సుందరరాజుకి పులిగడ్డ వంతెన కళ్ళముందు కనపడింది.

"ఒక్క నిమిషం బాబుగారూ," అంటూ గంగన్న ముందుకొచ్చి, "చింతపండుందా అమ్మగారూ?" అని లోపలికి కేకేశాడు. గోపాలకృష్ణమూర్తిగారి భార్య సీతామహాలక్ష్మిగారు పులుసుకని నానబెట్టిన చింతపండు గిన్నెతో సహా తెచ్చారు. గంగన్న చిటికెడు తీసి బెజ్జం అంచులు రెండు పక్కలా రుద్ది, నీళ్ళతో కడిగి, ఉత్తరీయంతో తుడిచాడు. "రాగికి గాలి తగిల్తే కిలుము పడద్ది. లోపలేం కాలేదు. ఇప్పుడు చూడండి."

బల్బు భగ్గున వెలిగింది.

"ఇది మా లేబరేటరీలో లేదే!" అన్నారు వెంకటపతిగారు చింతపండు వాసన చూస్తూ. రెండో బోర్డు కూడా పాసైంది. అప్పుడు పటం విప్పారు. మాస్టారు గొంతు సవరించుకుని, "ఆ తెలుగు అక్షరాలు, అవి మారుస్తామండీ..." అని మొదలుపెట్టారు.

"ఏమిటివి? బె, క?"

సుందరరాజు చెప్పాడు. చిల్లుల చీటీ సంగతి కూడా దాచకుండా చెప్పాడు. వెంకటపతిగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. తరవాత నవ్వాపి, పటంమీద వేలు పెట్టి నిదానంగా అన్నారు: "మార్చకండి. మా దగ్గర పి., ఎన్.పి. అనే రాస్తాము. పోయిన నెల ఒక పటంలో ముందున్న ఎన్ చెరిగిపోయె. ఎన్.పి. కాస్తా పి. అయిపోయె. రెండువందల బోర్డులకి మూలల్లో కూడా పూత పడిపోయె. బె చెరిగితే క కాదు గదా! ముందా తరవాతా అని కూడా రాసినారు. ఎవరు నేర్పినారు?"

"ముందు కాలవలండీ. తరవాత వీరు," అని గంగన్నని చూపించాడు సుందరరాజు.

"పటం కింద ఇంగ్లీషులో అర్థం ఒక లైను వేయండి, చాలు. మొదటి దఫా నూటయాభై బోర్డులు. ఇదే చెయ్యి, ఇదే తొట్టి. వేరేవాళ్ళకి ఇవ్వకూడదు."

మర్నాడు సుందరరాజు రాజీనామా రాశాడు. అవనిగడ్డ వెళ్ళి తానే చేతికిచ్చాడు. సెక్షన్ ఆఫీసరు చదివి, అక్షరాలు బాగున్నాయని పక్కవాళ్ళందరికీ చూపించి, ఆ తరవాతగాని అందులో విషయం గమనించలేదు. అద్దెగదిలో ఉన్న పరుపుచుట్ట, గిన్నెలు, నాలుగడుగుల డ్రాయింగు బల్ల బస్సు టాపుమీద కట్టించుకుని సాయంత్రానికి బందరులో దిగాడు. కృపావతి సెంటర్లో ఎదురొచ్చింది. ఇద్దరూ బల్లకి చెరోవైపు పట్టుకుని ఇంటిదాకా మోశారు.

ఒంటిగదిలో దాన్ని ఏ గోడకి చేర్చినా తలుపు పడట్లేదు. చివరికి గది నడుమ వేశారు.

"మరి మనం తినేదెక్కడండీ?"

"దీనిమీదే."

కృపావతి కంచాలు తెచ్చి బల్లమీద చెరోపక్కా పెట్టింది. బల్ల కొంచెం వాలుగా ఉంది. పప్పుచారు మెల్లగా అతనివైపే జారుతోంది. సుందరరాజు కాగితం మడిచి బల్ల కాలికింద పెట్టబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవాళొక్కరోజూ అలా ఉండనీండి. తినండి ముందు. రేపటినుంచి రోజూ సరిచేసుకుందాం."